పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: వాదీ దూమ్ స్థావరం పడిపోయిన రోజు

కిందటి సంచికలో ఆఫ్రికాలోని చాద్, లిబియా దేశాల మధ్య జరిగిన యుద్ధం గురించి నాలుగు వాక్యాల చిన్న వార్త వేశాం. ఉత్తర చాద్ ఎడారిలో లిబియా సైన్యం కట్టుకున్న వాదీ దూమ్ స్థావరాన్ని 1987 మార్చి 22న చాద్ సైనికులు పికప్ బళ్ల మీద వచ్చి గెరిల్లా దాడితో పట్టుకున్నారన్నది దాని సారాంశం. ఆ నాలుగు వాక్యాలకు కోనసీమ నుంచీ, నరసాపురం, భీమవరం వైపు నుంచీ ఇన్ని ఉత్తరాలు వస్తాయని మేము అనుకోలేదు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారు లేని వీధి ఈ డెల్టాలో తక్కువ కనుక, ఇసుకా పికప్ బండీ అనగానే చాలామందికి సొంత అనుభవం గుర్తుకు వచ్చినట్టుంది. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తం ఈ విషయానికే ఇస్తున్నాం. పాన్ కార్డు, పింఛను ప్రశ్నలు పంపినవారు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: నేను కువైట్‌లో పదకొండేళ్లు ల్యాండ్ క్రూజర్ పికప్ నడిపాను. ఎడారిలోని గొర్రెల కొట్టాలకు నీళ్లూ మేతా చేరవేయడం నా పని. ఇసుకలో చక్రం దిగబడి, మిట్టమధ్యాహ్నం రెండేసి గంటలు తవ్వుకున్న రోజులు చాలా ఉన్నాయి. అటువంటి బండి ట్యాంకు మీద గెలిచిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఇది నిజమేనా, గోరంతను కొండంత చేశారా? (రాజోలు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ అనుమానంలో సగం న్యాయం ఉంది. ట్యాంకును గెలిచినది బండి కాదు, బండి మీద మోసుకొచ్చిన ఆయుధమూ, దానిని ఎక్కడ దించాలో తెలిసిన మనుషులూ. కానీ ఆ మనుషులను అక్కడికి చేర్చింది మాత్రం మీరు నడిపిన బండే.

లిబియా వాడిన టీ-55 ట్యాంకు బరువు 36 టన్నులు. దాని పైమూత వేసుకున్న తరువాత లోపల ఉన్న నలుగురికీ బయటి ప్రపంచం సన్నని అద్దాల గుండా మాత్రమే కనిపిస్తుంది. దూరం నుంచి తిన్నగా ఎదురుగా వచ్చే మరో ట్యాంకును కొట్టడానికి ఆ ఏర్పాటు సరిపోతుంది. ఒక బండి ఎడమ పక్క నుంచి అడ్డంగా, ఇంకొకటి వెనుక నుంచి, మూడోది ఇసుక దిబ్బ చాటు నుంచి ఒకేసారి దూసుకొస్తున్నప్పుడు మాత్రం, గురిచూసేవాడు ఒకదాని వైపు ఫిరంగి తిప్పేలోగా మిగిలిన రెండూ వాడి కంటికి కనబడని చోటికి చేరిపోతాయి. చాద్ సైనికుల దగ్గర ఫ్రాన్స్ ఇచ్చిన మిలాన్ క్షిపణులు ఉండేవి. ఇవి తీగ వెంట నడిచే క్షిపణులు. సుమారు రెండు కిలోమీటర్ల దూరం పోతాయి. అంత దూరం పోవడానికి పన్నెండు పదమూడు సెకన్లు పడుతుంది. అంతసేపూ పేల్చినవాడు గురి అద్దంలో ట్యాంకును కదలకుండా పట్టి ఉంచాలి. కుదుపుల మధ్య పరిగెత్తే బండి మీద అది కుదిరే పని కాదు. కనుక సినిమాలో చూపించినట్టు పరిగెడుతూ పేల్చడం కాదు, పరిగెత్తి, ఆగి, పేల్చి, మళ్లీ పరిగెత్తడం అన్నమాట. ఆగిన ఆ కొద్ది సెకన్లే వారికి ప్రాణగండం.

ఇసుకలో దిగబడటం గురించి మీకు మేము చెప్పేదేముంది, టైర్లలో గాలి తగ్గిస్తే చక్రం ఇసుకను కోయకుండా పైన పరుచుకుని నడుస్తుందని మీరే రోజూ చేసి ఉంటారు. మన వైపు పొలాల్లో దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనుప చక్రాలు వేసేది కూడా దిగబడకుండా ఉండటానికే కదా. 36 టన్నుల ఇనుముకు ఇటువంటి వెసులుబాటు ఏదీ లేదు. పైగా ట్యాంకుకు ఇంధనం వెనుక నుంచి లారీల్లో రావాలి, ఆ లారీలకు బాట కావాలి, ఆ బాటకు కాపలా కావాలి. పికప్ తన పీపాలు తానే మోసుకుపోతుంది.

ఇక అతిశయోక్తి అన్నారు కనుక లెక్కలు ఇస్తున్నాం. 1987 జనవరి 2న ఫాదా అనే ఊరి దగ్గర జరిగిన మొదటి దాడిలో లిబియా వైపు 784 మంది చనిపోయారనీ, 92 ట్యాంకులు ధ్వంసమయ్యాయనీ, తమవారు 18 మంది, మూడు బళ్లు మాత్రమే పోయాయనీ చాద్ ప్రకటించింది. వాదీ దూమ్‌లో 1,269 మంది లిబియన్లు మరణించారనీ, 438 మంది పట్టుబడ్డారనీ, తమవైపు 29 మంది పోయారనీ చెప్పింది. గెలిచినవాడు చెప్పిన లెక్క అన్న సంగతి మరచిపోకుండా చదువుకోవాలి. అయితే పట్టుబడిన ట్యాంకులు, క్షిపణి వాహనాలు, విమానాలు విలేకరుల కెమెరాలకు ఎక్కాయి కనుక, ఓటమి ఎంత ఘోరమైనదో అన్న విషయంలో మాకు సందేహం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి అట్లాసులో ఎంత వెదికినా వాదీ దూమ్ కనబడలేదు. అది ఎక్కడ ఉంది? (పాలకొల్లు నుంచి ఒక గృహిణి)

జవాబు: చిన్న అట్లాసుల్లో ఉండదమ్మా. ముందుగా ఫాయా అనే ఒయాసిస్సు పట్టణాన్ని వెదకమనండి. ఫాయా లార్జో అని కూడా రాస్తారు. దానికి ఈశాన్యంగా, పద్దెనిమిదిన్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద చుక్క పెడితే అదే వాదీ దూమ్. మన శ్రీకాకుళం కూడా ఇంచుమించు ఆ అక్షాంశం మీదే ఉంది. అరబ్బీలో వాదీ అంటే వాన పడినప్పుడే పారే వాగు.

అక్షాంశాల మాట వచ్చింది కనుక మరో సంగతి. లిబియా సైన్యం దక్షిణానికి ఇంతకు మించి రాకూడదంటూ ఫ్రాన్స్ గీసిన గీత 16వ అక్షాంశం. మ్యాపులో స్కేలు పెట్టి ఆ గీతను తూర్పుకు సాగదీస్తే అది మన దివిసీమ మీదుగా పోయి సముద్రంలో కలుస్తుంది. మీ పాలకొల్లు, పక్కనున్న అంతర్వేది, మొత్తం గోదావరి డెల్టా ఆ గీతకు పైనే ఉన్నాయి. ఒకే ఎండ పడే అక్షాంశాల మీద ఇక్కడ వరి, కొబ్బరి, అక్కడ ఇసుక!

ప్రశ్న: ఐదువేల మంది సైనికులు, ట్యాంకులు, విమానాలు, చుట్టూ మందుపాతరలు ఉన్న స్థావరానికి శత్రువు వస్తున్నట్టు ముందుగా తెలియకపోవడం ఎలా సాధ్యం? ఎడారిలో దాక్కోవడానికి చెట్టు కూడా ఉండదు కదా! (అమలాపురం నుంచి ఒక అధ్యాపకురాలు)

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిటిలోనూ అసలు ప్రశ్న ఇదే అని మా ఉద్దేశం. ట్యాంకులూ క్షిపణుల కథ కంటే దీని జవాబే ముఖ్యం.

చాద్ ఉత్తరపు అంచున ఉండే అవుజూ పట్టీ 1973 నుంచే లిబియా చేతిలో ఉండేది. 1983 తరువాత లిబియా పాలకుడు గడాఫీ సైన్యం ఇంకా కిందికి దిగి, 16వ అక్షాంశానికి పైనున్న చాద్ భూమి దాదాపు మొత్తాన్ని అదుపులో పెట్టుకుంది. వాదీ దూమ్‌లో 3,800 మీటర్ల రన్‌వే వేసింది ఆ రోజుల్లోనే. అయితే ఈ పని లిబియన్లు ఒంటరిగా చేయలేదు. చాద్ అధ్యక్షుడు హిస్సేన్ హబ్రేకు ఎదురు తిరిగిన గుకూనీ వెద్దెయి అనే మాజీ అధ్యక్షుడి మనుషులు వారికి తోడుగా ఉండేవారు. గుకూనీ ఆ ఎడారి కొండల్లోనే పుట్టి పెరిగిన తుబూ తెగ నాయకుడు. యుద్ధంలో పని పంచుకోవడం ఎలా ఉండేదంటే, లిబియావారు విమానాలు, ట్యాంకులు, ఫిరంగులు నడిపేవారు. ముందు నడిచి దారి చూపడం, బావులు ఎక్కడున్నాయో చెప్పడం, శత్రువు జాడ పసిగట్టడం, కాలినడక పోరు చేయడం స్థానికుల పని.

1986 చివరికి ఈ స్నేహం చెడింది. గుకూనీని లిబియా నిర్బంధించింది. ఆయన మనుషులు ఉత్తర చాద్‌లోని తిబెస్తీ కొండల్లో లిబియన్ల మీదికే తిరగబడి, నిన్నటిదాకా శత్రువైన హబ్రేతో చేతులు కలిపారు. ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. కొద్దికాలంలోనే లిబియా స్థావరాలకు కళ్లు, చెవులు పోయాయి. చేతులు మాత్రం మిగిలాయి, అవీ బరువైన చేతులు.

ఎడారిలో చాటు లేదన్నారు. కానీ అడవిలో చెట్టు చేసే పనిని ఎడారిలో దూరం చేస్తుంది. వంద కిలోమీటర్ల లోతున ఎవరు తిరుగుతున్నారో చెప్పే మనిషి లేనప్పుడు, స్థావరానికి తన కంచె దాకానే కనిపిస్తుంది. ఇక విమానాలంటారా, రాత్రివేళ విడివిడిగా కదిలే పికప్పులను పైనుంచి పట్టుకోవడం ఆనాడు దాదాపు అసాధ్యం. పైగా 1987 జనవరి 7న ఫ్రెంచి విమానాలు వాదీ దూమ్ రాడార్ మీద దాడి చేశాయి. 1986 ఫిబ్రవరిలో అదే స్థావరం రన్‌వే మీద కూడా వారే బాంబులు వేశారు. పెద్దన్న నీడ లేకుండా చాద్ ఈ యుద్ధం గెలిచేదని చెప్పేవారితో మేము ఏకీభవించం.

మన ప్రాంతపు మాటలో చెప్పాలంటే ఇది ఏటిగట్టు కాపలా వంటిది. 1986 ఆగస్టులో, అంటే ఈ దాడికి ఏడు నెలల ముందు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు గట్ల మీద రాత్రంతా జాగారం చేసినవారు మన పాఠకుల్లో చాలామంది ఉంటారు. అటువంటి రాత్రి, అనుభవం లేనివాడు లాంతరు పట్టుకుని ఏటి వైపు నీటిమట్టం చూస్తూ నిలబడతాడు. అనుభవం ఉన్న ముసలాయన ఏటికి వీపు తిప్పి, గట్టు దిగి, ఊరివైపు పాదం దగ్గర వంగి ఊట చూస్తాడు. చేతిలోకి తీసుకున్న నీరు తేటగా ఉంటే లేచి ముందుకు నడుస్తాడు. మట్టి కలిసి వస్తే మాత్రం కేక వేస్తాడు, ఎందుకంటే ఎండ్రకాయ బొరియో ఎలుక కలుగో లోపల గట్టును తినేస్తున్నదని అర్థం. వాదీ దూమ్‌లో ఏటివైపు చూసేవారు ఐదువేల మంది ఉన్నారు. ఊట చూసే ముసలాయనను వారే తరిమేసుకున్నారు.

ప్రశ్న: మందుపాతర మీద నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతే, అది పేలేలోగా బండి దాటిపోతుందనీ, చాద్ సైనికులు అలాగే స్థావరంలోకి దూసుకుపోయారనీ ఒక వీడియోలో చూపించారు. పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? (నరసాపురం నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: పిల్లల చేత లెక్క చేయించండి. గంటకు వంద కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. సెకనులో వందో వంతు కాలంలో బండి 28 సెంటీమీటర్లు కదులుతుంది, అంటే చక్రం ఇంకా పాతర పరిసరాల్లోనే ఉంటుంది. ఒత్తిడికి పేలే పాతర అంతకంటే ఆలస్యం చేస్తుందని నమ్మి బండి తోలేవాడికి బీమా ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారు. తేలిక బండి కనుక పేలదన్న వాదన కూడా నిలవదు. ట్యాంకు పాతరలు సాధారణంగా వంద కిలోలకు పైబడిన ఒత్తిడికి పేలతాయి. ఎనిమిది మంది మనుషులు, ఆయుధం, ఇంధనం ఎక్కించిన పికప్ ఒక్కొక్క చక్రం మీద ఐదారు వందల కిలోలు సులువుగా పడతాయి.

ఈ కథ ఆనాటి నుంచీ ప్రచారంలో ఉన్నది, కొందరు చాద్ సైనికులు కూడా చెప్పుకున్నారు. అదృష్టం కలిసివచ్చి దాటిన బళ్లు ఉండవచ్చు. దాటలేకపోయిన బండివాడు వీడియోలో మాట్లాడడు.

మందుపాతరలు ఎందుకు పనికిరాలేదో తెలియాలంటే మార్చి 22కు ముందు మూడు రోజులు చూడాలి. ఫాదాను తిరిగి పట్టుకోవాలని వాదీ దూమ్ నుంచి ఒక ట్యాంకుల దండు బయలుదేరి, బీర్ కోరా అనే చోట రాత్రికి మకాం వేసింది. హసన్ జమూస్ నాయకత్వంలోని చాద్ సైనికులు రాత్రికి రాత్రి దానిని చుట్టుముట్టారు. తెల్లవారుజామున ఒక పక్క నుంచి చిన్న దాడి చేసి, లిబియన్లు ట్యాంకులన్నీ అటు తిప్పుకున్న తరువాత, అసలు బలంతో మిగిలిన పక్కల నుంచి పడ్డారు. దానికి సాయంగా స్థావరం నుంచి వచ్చిన రెండో దండుకు మరునాడు అదే గతి పట్టింది. ఈ రెండు పోరుల్లో 800 మంది వరకు లిబియన్లు చనిపోయారు. మిగిలినవారు వచ్చిన దారినే వాదీ దూమ్‌కు పరుగు తీశారు. చాద్ బళ్లు వారి చక్రాల జాడ వదలకుండా వెంటపడ్డాయి. పారిపోతున్న సొంతవారికి తెరిచిన దారి తరుముకొస్తున్నవాడికీ దారే. కాళ్లకిందికి నీళ్లు వచ్చేదాకా లోపలివారికి సంగతి తెలియలేదు. అంతేకాక, పోరాడగల దండు రెండు వాయిదాల్లో బయటే ఖర్చయిపోయింది. 22న స్థావరంలో మిగిలినవారిలో పోరాడే ఉత్సాహం ఎంత ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ వారంలోనే ఫాయాలోని లిబియా దండు పోరు లేకుండా ఖాళీ చేసి ఉత్తరానికి వెళ్లిపోయింది.

ప్రశ్న: చాద్ సైన్యం ప్రభుత్వ సైన్యం కదా, దానిని గెరిల్లా దాడి అని ఎలా రాశారు? మన మన్యంలో అల్లూరి సీతారామరాజు చేసిన దాడులతో దానికి పోలిక ఉందా? (రామచంద్రపురం నుంచి ఒక విద్యార్థి)

జవాబు: పట్టుకోదగిన తప్పే పట్టుకున్నారు. 1987 నాటికి అది ప్రభుత్వ సైన్యమే. కానీ ఐదేళ్ల ముందు దానిలో ముఖ్యులందరూ తిరుగుబాటుదారులు. తూర్పు సరిహద్దు నుంచి బళ్ల మీద వచ్చి 1982 జూన్ 7న రాజధాని ఎన్జమేనాను పట్టుకున్నవారు. యూనిఫారం మారింది గాని పోరాడే అలవాటు మారలేదు.

సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడి చేశారు. మూడు రోజుల్లో మూడు చోట్ల, మొదటి దెబ్బ వార్త పై అధికారులకు చేరి కదలిక వచ్చేలోగా మూడో దెబ్బ. ఈ తొందర, శత్రువు ఆయుధంతోనే తన బలం పెంచుకోవడం, దారులు తెలిసిన గిరిజనుల తోడు, ఇవి రెండింటిలోనూ ఉన్నాయి. తేడా ఏమిటంటే, రాజు దళం తుపాకులు తీసుకుని అడవిలోకి వెళ్లిపోయింది, స్టేషనులో కూర్చోలేదు. గెరిల్లాకు అదే బలం.

కూర్చుంటే ఏమవుతుందో చాద్ సైన్యానికి కూడా 1987 ఆగస్టులో తెలిసివచ్చింది. 8వ తేదీన అవుజూ ఊరిని పట్టుకుని అక్కడే ఉండిపోయారు. అంత ఉత్తరాన ఫ్రాన్స్ తన విమానాల రక్షణ ఇవ్వనన్నది. 28వ తేదీన లిబియా ఊరిని తిరిగి తీసుకుంది. అప్పుడు జమూస్ మళ్లీ పాత పద్ధతికి వచ్చి, సెప్టెంబరు 5న లిబియా భూభాగంలోనే, సరిహద్దుకు వంద కిలోమీటర్ల లోపలున్న మాతెన్ అస్సర్రా విమాన స్థావరం మీద పడి, విమానాలు, ట్యాంకులు ధ్వంసం చేసి, వెంటనే వెనుదిరిగి వచ్చేశారు. అక్కడ 1,713 మంది లిబియన్లు చనిపోయారనీ, తమవారు 65 మంది పోయారనీ చాద్ చెప్పింది. ఆరు రోజులకు, సెప్టెంబరు 11న, కాల్పుల విరమణ కుదిరింది. మీ ప్రశ్నకు తగిన ఉదాహరణ వాదీ దూమ్ కంటే ఇదే, మేము వార్తలో దీని పేరు రాసి ఉండవలసింది.

ప్రశ్న: వాదీ దూమ్‌లో పట్టుబడిన లిబియా సేనాని ఎవరు? గెలిచినవారు, ఓడినవారు తరువాత ఏమయ్యారు? చివరికి ఆ భూమి ఎవరికి దక్కింది? (భీమవరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆయన పేరు ఖలీఫా హఫ్తార్. చాద్‌లో తన సైన్యమే లేదని ప్రపంచానికి చెబుతూ వచ్చిన గడాఫీ, పట్టుబడినవారిని తనవారని ఒప్పుకోలేదు. చెరలో ఉండగానే హఫ్తార్ గడాఫీ వ్యతిరేకుల్లో చేరి, తరువాత అమెరికా వెళ్లి ఇరవై ఏళ్ల పాటు అక్కడే ఉన్నారు. 2011 తిరుగుబాటులో లిబియాకు తిరిగివచ్చారు. 2019 ఏప్రిల్‌లో రాజధాని ట్రిపోలీ మీదికి దండెత్తారు. ఆ దండులో వరుసగా కనిపించినవి తుపాకులు బిగించిన పికప్పులే.

జమూస్ 1989లో హబ్రే మీద విఫలమైన తిరుగుబాటులో దొరికి ప్రాణాలు కోల్పోయారు. హబ్రేను మరుసటి ఏడే గద్దె దింపారు. తన పాలనలో జరిగిన హత్యలు, చిత్రహింసలకు గాను సెనెగల్‌లోని ప్రత్యేక న్యాయస్థానం 2016లో ఆయనకు యావజ్జీవ శిక్ష వేసింది. శిక్ష అనుభవిస్తూ 2021లో కోవిడ్‌తో మరణించారు.

భూమి సంగతి హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ఫ్రాన్స్, లిబియా 1955లో రాసుకున్న ఒప్పందంలోనే సరిహద్దు తేలిపోయి ఉందని 1994 ఫిబ్రవరి 3న 16 మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్కరు మరోవైపు తీర్పు ఇచ్చారు. అవుజూ పట్టీ చాద్‌ది అయింది. అదే సంవత్సరం మే 30 నాటికి లిబియా సైనికులు ఖాళీ చేసి వెళ్లారు.